పగుళ్లాయన కొన్న కెమెరా

పగుళ్లాయన రెండు కెమెరాలనూ గాజుబల్ల మీద పక్కపక్కన పెట్టించుకుని, జేబులోంచి ఆరంగుళాల స్టీలు స్కేలు తీసి కొలవడం మొదలుపెట్టాడు. దుకాణదారుకి అనుమానం వచ్చింది, ఈయన కొనడానికి వచ్చాడా, తనిఖీకి వచ్చాడా అని. అడిగే ధైర్యం చెయ్యలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న మనిషి స్కేలుతో దుకాణంలోకి వస్తే ఎవరైనా కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకునే ఉంటారు.

మొదటిది అగ్గిపెట్టెకి అన్నలా ఉంది. చొక్కా జేబులో పడేస్తే ఉన్నట్టే తెలియదు. రెండోది లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ రకం, అందులోనూ కొత్తగా నేర్చుకునేవాళ్లకని చేసింది. లెన్సు ముందుకు పొడుచుకొచ్చి ఉంది, మెడలో తగిలించుకోవడానికి పట్టీ ఉంది. చిన్నది ఎవరి కంటా పడదనీ, కాకపోతే వెలుతురు తగ్గితే బొమ్మ మసకేస్తుందనీ దుకాణదారు చెప్పాడు. పెద్దది మసక వెలుతురులోనూ కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా తీస్తుందట. కాకపోతే దాన్ని ఎత్తగానే గదిలో ఉన్నవాళ్లంతా సర్దుకుని కూర్చుంటారట.

"ఇంతకీ మీరు వేటిని తియ్యాలండీ?" అని అడిగాడు దుకాణదారు.

పగుళ్లాయన స్కేలు జేబులో పెట్టుకుని, "గోడల్ని" అన్నాడు.

అది అబద్ధం కాదు గానీ నిజంలో సగమే. ఆయన ఉద్యోగమే గోడలు. ఎక్కడైనా పెద్ద భవనం కట్టడానికి గొయ్యి తవ్వబోతున్నారంటే, తవ్వకముందే ఈయన చుట్టుపక్కల ఇళ్లకి వెళ్తాడు. ఏ గదిలో ఏ గోడకి ఏ పగులు ఉందో స్కేలు పక్కన పెట్టి ఫోటో తీసి, ఫారం నింపి, ఉన్నది ఉన్నట్టే ఉందని ఇంటి యజమాని చేత సంతకం పెట్టించుకుంటాడు. భవనం లేచాక మళ్లీ వెళ్లి పోల్చి చూస్తాడు. ఏది పాత పగులో ఏది కొత్త పగులో ఈయన మాటే చివరి మాట. ఆఫీసులో ఆ పేరు అందుకే వచ్చింది. ఇంటి దాకా కూడా వచ్చింది.

పాత కెమెరా చచ్చిపోయింది, కొత్తది కొనుక్కోమని ఆఫీసు వాళ్లు చెప్పిన మాటా నిజమే. ఫోనుంది కదా అంటే ఈయన ఒంటికాలి మీద లేస్తాడు. ఫోను గోడల్ని తనంతట తానే నున్నగా చేసేస్తుందట. ఒకసారి వెంట్రుకంత పగులొకటి ఫోనులో మాయమైపోయి, ఎవరో వేలెత్తి చూపిస్తే ఈయన తలెత్తుకోలేకపోయాడు.

ఇక మిగతా సగం నిజం ఆయన భార్య.

ఆమెకి ఎడమ చెవి కింద, దవడ మూల, గోళీకాయంత గడ్డ లేచింది. పరీక్షలన్నీ అయ్యాయి. చెడ్డ గడ్డ కాదు, అయినా తీసెయ్యాలి. చిక్కేమిటంటే, ముఖాన్ని కదిలించే నరం సరిగ్గా దాని పక్కనుంచే పోతుంది. జాగ్రత్తగానే చేస్తామనీ, అయినా నోరు ఎడమవైపు కొన్నాళ్లపాటు, ఒక్కోసారి ఎప్పటికీ, పైకి లేవకపోవచ్చనీ డాక్టరమ్మ చెప్పింది. అడగాల్సినవి ఉంటే అడగమంది. భార్యాభర్తలిద్దరిలో ఆమె ఒక్కతే అడిగింది.

"గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకోవచ్చాండీ, తర్వాత?"

ఆమె ఇంట్లోనే బట్టలు సరిచేసే పని చేస్తుంది. పొడుగైనవి పొట్టి చెయ్యడం, బిగుతైనవి వదులు చెయ్యడం. మోకాళ్ల మీద కూర్చుని ఎవరి ప్యాంటు అంచో మడుస్తున్నప్పుడు నోట్లో ఆరేడు సూదులుంటాయి. డాక్టరమ్మకి ఆ ప్రశ్న ఇంతకు ముందెవరూ వేసినట్టు లేదు. కాస్త ఆలోచించి, చూద్దాం అంది.

పగుళ్లాయన తిరిగొచ్చే దారిలో బస్సు కిటికీలోంచి చూస్తూ ఒక సంగతి గుర్తు చేసుకున్నాడు. ఆమె నవ్వు ఎడమవైపు నుంచే మొదలవుతుంది. ముందు ఆ మూల లేస్తుంది, తర్వాతే మిగతా నోరు దాని వెంట పోతుంది.

ఇరవై ఆరేళ్ల కాపురం, ఒక్క నవ్వు ఫోటో అయినా లేదా అని మీరు అడగొచ్చు. ఫోటోలకేం, బీరువా అర నిండా ఉన్నాయి. అన్నిట్లోనూ గోడలు నిటారుగా ఉంటాయి. మనుషులు గోడల కంటే నిటారుగా ఉంటారు. కెమెరా ఎత్తగానే "కదలకు" అనడం ఈయనకి అలవాటు. పగుళ్లు ఎలాగూ కదలవు, కాబట్టి ఆ మాట ఎవరి కోసం పుట్టిందో ఆయనకే తెలియాలి. తవ్వకముందు ఫోటో తియ్యాలి, అంతే ఆయనకి తోచింది. భయపడటానికి ఆయనకి తెలిసిన పద్ధతి అదొక్కటే.

ఎంతసేపటికీ ఏదీ తేల్చని ఈయనతో దుకాణదారుకి తల ప్రాణం తోకకొచ్చింది. రెండూ వారం రోజులు వాడి చూసి, ఒకటి తిరిగిచ్చెయ్యమన్నాడు. ఆపరేషన్‌కి ఇంకా ఎనిమిది రోజులుంది.

మొదటి రోజు సాయంత్రం పెద్ద కెమెరా మెడలో వేసుకుని, కుట్టుమిషను దగ్గర కూర్చున్న భార్య ఎదురుగా నిలబడ్డాడు. ఆమె చూసింది. మిషను ఆపింది. జుట్టు సర్దుకుంది. మెడలో వేలాడుతున్న కొలతల టేపు రెండు కొసలూ సమానం చేసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నవ్వమన్నాడు. ఎందుకని అడిగింది. ఆఫీసు కెమెరా, పరీక్షిస్తున్నానన్నాడు. ఆమె నవ్వింది. బట్ట కాస్త పాడైపోయినప్పుడు దాని సొంతదారు ముందు నవ్వే నవ్వు అది.

మొత్తం నలభై ఒక్క ఫోటోలు తీశాడు. అద్భుతంగా వచ్చాయి. వెనక తీగ మీద వేలాడే కోటు నేతలో పోగులు కూడా లెక్కకు వచ్చాయి. నవ్వు మాత్రం రాలేదు. మూడు ఫోటోల్లో ఆమె భుజం మీద స్టీలు స్కేలు ఉంది. అది తనే పెట్టాడని తెర మీద చూసేదాకా ఆయనకి తెలియదు. ఆమె కూడా అదేదో పరీక్షలో భాగం కాబోలనుకుని కదలకుండా కూర్చుంది.

ఇది పని కాదని రెండో రోజు నుంచి చిన్నది పట్టుకున్నాడు. చొక్కా జేబులో వేసుకుని, నవ్వు వినిపించిన గదికల్లా వెళ్లడం మొదలుపెట్టాడు. ఆయన వెళ్లేసరికి నవ్వు అయిపోయేది. ఆమెకి కోపం వచ్చి కాదు, మొగుణ్ణి చూడగానే చెప్పాల్సిన పనులేవో గుర్తొచ్చేవి. కుళాయి కారుతోంది, కరెంటు మనిషి రాలేదు, అలాంటివి. ఒకవేళ నవ్వు ఇంకా మిగిలున్నా, కెమెరా జర్రుమంటూ లెన్సు బయటికి చాపేలోపు అదీ పోయేది. వచ్చిన ఫోటోల్లో ఒక చెవి ఉంది, అలుక్కుపోయిన చెయ్యి ఉంది, బీరువా తలుపు అయిదు సార్లు ఉంది.

ఆఫీసు ఫారం ఒకటి తెచ్చి అందులో లెక్క రాసుకున్నాడు. నాలుగు రోజుల్లో ఆమె తొమ్మిది సార్లు నవ్వింది. ఆరు సార్లు ఫోనులో అక్కతో, రెండు సార్లు బట్టలు ఇవ్వడానికి వచ్చినవాళ్లతో, ఒకసారి ఒక్కతే. తొమ్మిది సార్లూ తను పక్క గదిలో ఉన్నాడు. ఆమె నవ్వే గదిలో తను ఉండడని పగుళ్లాయనకి యాభై మూడో ఏట తెలిసింది. తెలిశాక ప్రాణం ఉసూరుమంది. వెళ్లి భోజనం చేశాడు గానీ ఏం తిన్నాడో గుర్తు లేదు.

ఆఖరికి సిగ్గు విడిచి వదినకి ఫోను చేశాడు. వదినంటే భార్య అక్క. నాలుగిళ్లకి వినపడే గొంతు ఆవిడది.

"దానికి ఏం చెప్తావు వదినా, అంతలా నవ్వుతుంది?"

ఆవిడ గొంతు మొట్టమొదటిసారిగా తగ్గింది. "నేనేం చెప్తాను మరిదీ. అదే చెప్తుంది. ఎక్కువగా నీ సంగతులే."

ఆయన థాంక్స్ చెప్పి ఫోను పెట్టేశాడు.

ఆరో రోజు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి రెండు కెమెరాలూ బట్టలు కత్తిరించే బల్ల మీద ఉన్నాయి. వాటి మధ్య ఫారం ఉంది. భార్య బల్లకి అటువైపు కూర్చుని ఉంది. నోట్లో సూదులు లేవు, అంటే మాట్లాడటానికి సిద్ధంగా ఉందన్నమాట.

ఫారంలో "పగులు సంఖ్య" అన్నచోట కొట్టేసి "నవ్వు సంఖ్య" అని రాసి ఉంది. గది, సమయం, ఎంతసేపు, అన్నీ గుండ్రటి అక్షరాలతో నింపి ఉన్నాయి.

"ఏంటండీ ఇది?"

"ఫారం."

"అది కనిపిస్తూనే ఉంది. కింద యజమాని సంతకం అని ఖాళీ ఉంది. అక్కడ నేను పెట్టాలా, మీరు పెట్టాలా?"

పగుళ్లాయన ఫారం తనవైపు తిప్పుకున్నాడు. ఆమె అరిచి ఉంటే బాగుండేది. అరుపుకి ఏదో ఒక జవాబు ఉంటుంది. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, తవ్వకముందు ఉన్నది ఉన్నట్టు తీసిపెట్టుకుంటామనీ, తర్వాత వెళ్లి పోల్చి చూస్తామనీ, ఆమెకి ఎప్పటినుంచో తెలిసిన సంగతినే మళ్లీ మొదటినుంచి చెప్పాడు. పోల్చి చూసి ఏం చేస్తారని ఆమె అడిగింది. తేడా ఎంతో రాస్తామన్నాడు. రాసి ఏం చేస్తారని అడిగింది. అక్కడితో ఆయన ఉద్యోగం అయిపోతుంది.

"నాకు భయంగా ఉంది" అన్నాడు.

ఆమె బల్ల మీద పడి ఉన్న దారపు ముక్కలు ఏరి ఒకచోట పెట్టింది.

"నా నవ్వు నాకు కనపడదు కదండీ" అంది చివరికి. "అది ఎలా ఉండేదో నాకు ఇప్పటికీ తెలీదు. ఆపరేషనయ్యాక కళ్లు తెరిస్తే నాకు కనిపించేది మీ మొహం. నన్ను చూసేటప్పుడు అది ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. అది మారిపోతుందేమోనని నా భయం. తియ్యాల్సింది దాన్ని. లేచి అక్కడ నిలబడండి."

ఆయన లేచి గోడ పక్కన నిలబడ్డాడు. అలవాటు కొద్దీ నిటారుగా నిలబడ్డాడు.

ఆమె ముందు పెద్ద కెమెరా తీసుకుంది. కంటికి ఆనించుకోగానే అది ఆమె ముఖాన్ని సగానికి పైగా మింగేసింది. "మీరు దీన్ని చూస్తున్నారు, నన్ను కాదు" అని బల్ల మీద పెట్టేసింది. చిన్నది తీసుకుని గుండెల దగ్గర పట్టుకుంది. ఇప్పుడు ఆమె ముఖం మొత్తం ఆయనకి కనిపిస్తోంది.

కొలతలిచ్చేటప్పుడు పొట్ట లోపలికి లాక్కునేవాళ్లు ఆమెకి కొత్త కాదు. వదిలెయ్యండి అని ఎప్పుడూ అనదు. అంటే ఇంకా లాక్కుంటారు. వాళ్ల ఊపిరి తనంతట తాను దిగేదాకా ఏదో ఒకటి మాట్లాడుతూ కూర్చుంటుంది. మొగుడితోనూ అదే చేసింది. భుజం మీద స్కేలు చల్లగా ఉందని చెప్పింది. అక్క ఫోను సంగతి మొత్తం చెప్పేసిందని చెప్పింది. ఫారంలో ఏడో నవ్వు నవ్వు కాదనీ, అది తుమ్మనీ చెప్పింది. ఆయన సీరియస్‌గా, అయితే లెక్క ఎనిమిదే అన్నమాట, దిద్దాలి అన్నాడు.

ఆమెకి నవ్వొచ్చింది. ఎడమ మూల లేచింది, నోరంతా దాని వెంట పోయింది, తర్వాత కళ్లూ నవ్వాయి. ఆయన చూస్తూ నిలబడిపోయాడు. భుజాలు ఎప్పుడు దిగాయో తెలియదు. ఆమె మీట నొక్కింది.

పెద్ద కెమెరా చేతికందే దూరంలోనే ఉంది. ఆయన దాన్ని అందుకుని ఆ నవ్వుని తియ్యలేదు. అది తప్పా ఒప్పా అన్నది ఆయన ఇప్పటికీ తేల్చుకోలేదు.

సాయంత్రపు వెలుతురులో ఫోటో ఇసక చల్లినట్టు వచ్చింది. ఆమె చూసుకుంది, ఆయనకి చూపించలేదు. కలం తీసుకుని ఫారంలో యజమాని సంతకం దగ్గర తన సంతకం పెట్టింది.

మర్నాడు పగుళ్లాయన పెద్దది తిరిగిచ్చేశాడు. అంత మంచిదాన్ని వదులుకుంటున్నారేమని దుకాణదారు మనసు చంపుకోలేక అడిగాడు. ఒక చేత్తో పట్టుకునేది కావాలనీ, రెండో చేతికి సెలైన్ ఉంటుందనీ ఈయన చెప్పాడు. గోడలకి సెలైన్ ఎందుకో దుకాణదారుకి అర్థం కాలేదు.

ఆపరేషన్ చెప్పిన దానికంటే గంటన్నర ఎక్కువ పట్టింది. నరం తెగలేదనీ, కానీ బాగా నలిగిందనీ, ఎప్పటికి కోలుకుంటుందో ఇప్పుడే చెప్పలేననీ డాక్టరమ్మ అంది. పగుళ్లాయన తల ఊపాడు. మర్నాడు పొద్దున ఆమెని చూడటానికి పంపించారు. లిఫ్టు అద్దంలో ముఖం సిద్ధం చేసుకుందామని ప్రయత్నించాడు. ఎలా సిద్ధం చేసుకోవాలో తెలిసేలోపు తలుపు తెరుచుకుంది.

ఆమె దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. దవడ చుట్టూ కట్టు ఉంది. ఎడమవైపు పెదవి కిందికి జారి, పక్కన జరుగుతున్నదానితో సంబంధం లేనట్టు ఉండిపోయింది. ఎడమ చేతికి సెలైన్ ఎక్కుతోంది. ఆమె కుడి చెయ్యి చాపింది. ఆయన జేబులోంచి కెమెరా తీసి ఇచ్చాడు.

ఆమె గుండెల దగ్గర పెట్టుకుని మీట నొక్కింది. తర్వాత ఆ ఫోటోనీ, పాత ఫోటోనీ మార్చి మార్చి చూసింది. ఒకసారి, రెండు సార్లు, పెద్దది చేసి మళ్లీ ఒకసారి. నర్సు వచ్చి జ్వరం చూసి వెళ్లిపోయింది. పగుళ్లాయన మంచం పక్కనే నిలబడి ఉన్నాడు. తన ముఖం ఎలా ఉందో ఆయనకి తెలియదు. ఇన్నేళ్లుగా తను ఎన్ని ఇళ్లలో గోడల ముందు తాపీగా నిలబడి పోల్చి చూశాడో, ఆ వాకిళ్లలో ఇంటివాళ్లు ఎలా నిలబడి ఉండేవారో ఇప్పుడు తెలిసింది. ఆమె బతికి, కళ్లు తెరిచి, ఎదురుగా కూర్చుని ఉంది. ఆయన కళ్లకి అంతకు మించి ఏమీ ఆనలేదు.

ఆమె తల ఎత్తి ఆయన్ని చూసింది. కెమెరా ఆయన చేతిలో పెట్టింది.

"ఇక నన్ను తియ్యండి" అంది, సగం నోటితో.

నవ్వింది. కుడివైపు ఒక్కటే వచ్చింది. ఆయన తీశాడు.