ఎత్తు తెలియని గోడ

బుధవారం పొద్దున్న ఎనిమిదిన్నరకి, తాతారావు నిచ్చెన మీద ఉండగానే, కల్యాణమండపం వెనకగోడ ఎదగడం మొదలుపెడుతుంది. గోడతో పాటు దానికి ఆనించిన నిచ్చెనా సాగుతుంది. కొత్త మెట్లు చివరన పుట్టవు. ఉన్న మెట్ల మధ్యలోకే ఇంకో మెట్టు, దాని పక్కకి మరో మెట్టు వచ్చి, బస్సులో జనం సర్దుకున్నట్టు సర్దుకుంటాయి.

తాతారావు దిగడు. రంగులేసేవాళ్ళెవరూ గోడను సగంలో వదిలి దిగరు. తడి ఆరాక మళ్ళీ మొదలుపెడితే అక్కడ అతుకు కనిపిస్తుంది, ఆ తర్వాత ఎన్ని పూతలు వేసినా అది పోదు. ఇరవై రెండేళ్ళుగా అతను వేసిన గోడల్లో ఒక్క అతుకు కూడా లేదని అతని భార్య వీరవేణి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతుంది. ఇవాళ ఆ గొప్పే ఆమె ప్రాణాల మీదికి వచ్చింది. గోడ ఆగితే కదా పని అయ్యేది.

మధ్యాహ్నం ఆమె టిఫిన్ క్యారేజీ పట్టుకుని నిచ్చెన మొదట్లో నిలబడి తలెత్తి చూస్తుంది. అతని అరికాళ్ళు రెండూ కనిపిస్తాయి. కాసేపటికి రెండూ కలిసి ఒకటే కనిపిస్తుంది.

"ఏమయ్యో, దిగు! అన్నం చల్లారిపోతంది!" అని అరుస్తుంది.

జవాబు పది నిమిషాలకు వస్తుంది, ఒక్కో మెట్టే దిగుతూ. ఆఖరి మెట్టు మీద ఆగి, "ఇంకొంచెమేనే," అంటుంది అతని గొంతు. క్యారేజీ వాసన చూసి, "మామిడికాయ పప్పా?" అని అడిగి ఆరిపోతుంది.

వీరవేణికి భయం వేస్తుంది. పొద్దున్న అతను బయల్దేరుతుంటే ఆమె పుస్తకంలోంచి తలెత్తలేదు. అది ఇప్పుడు గుర్తొస్తుంది.

ఆ పుస్తకం లెక్కలది. వీరవేణి అంగన్‌వాడీలో ఆయా. పదో తరగతి పాసైతే టీచరు పోస్టుకి పెట్టుకోవచ్చని, ముప్పై తొమ్మిదేళ్ళ వయసులో ఓపెన్ స్కూల్లో చేరింది. మిగతావన్నీ గట్టెక్కాయి. లెక్కల్లో రెండుసార్లు తప్పింది, రెండుసార్లూ ముంచింది త్రికోణమితే. నెలాఖరున మళ్ళీ పరీక్ష.

ఆమెకు లెక్కలు చెప్పే విశాలాక్షి టీచరు, కబురు పెట్టకుండానే వస్తారు. గోడా నేలా కలిసే మూలలో ఒక చిన్న చదరపు పెట్టె ఉంది, లంబకోణం ఉన్న ప్రతిచోటా ఉండేదే. టీచరు దాన్ని కొంగుతో తుడిచి, దాని మీద కూర్చుంటారు.

"ఈ గోడ ఎందుకెదుగుతుందండీ?"

"ఎత్తు తెలీక," అంటారు టీచరు. "ఎత్తు తెలిసిన గోడ ఎదగదమ్మా. ఊళ్ళో మిగతావన్నీ ఎవరో ఒకరు కొలిచినవే. దీన్ని మర్చిపోయారు."

"టేపు తెస్తానుండండి."

"టేపు పట్టుకుని నువ్వెక్కేలోపు ఇంకా పెరుగుద్ది. కింద నుంచే చెప్పాలి."

నిచ్చెన కాలు నేలకు ఆనిన మూలలో థీటా పడి ఉంది. కోడిగుడ్డంత ఉంటుంది, మధ్యలో అడ్డంగా ఒక గీత. వీరవేణి దాన్ని చేతిలోకి తీసుకుంటుంది. వెచ్చగా ఉంది. గీత మీద సన్నటి అక్షరాలతో అరవై అని రాసి ఉంది. గోడ పెరిగింది, నిచ్చెన పెరిగింది, నిచ్చెన కాలు గోడకు దూరంగా జరుగుతూనే ఉంది. అరవై మాత్రం పొద్దుటి నుంచీ అరవైగానే ఉందని టీచరు చెబుతారు. మారనిది ఒకటైనా ఉన్నందుకు వీరవేణికి కాస్త ధైర్యం వస్తుంది.

గోడ మొదలు నుంచి నిచ్చెన కాలి దాకా పాదానికి పాదం ఆనించి నడుస్తుంది. ఆమె పాదం సరిగ్గా అడుగు. టేపు కనపడని రోజున తాతారావుకి ఆ పాదమే టేపు. నలభై వస్తుంది.

"టాంజెంటంటే?" అడుగుతారు టీచరు.

"ఎదుటి భుజం బై ఆసన్న భుజం."

"అరవైకి ఎంత?"

"రూట్ మూడండి. ఒకటి పాయింట్ ఏడు మూడు."

"మరి కానీ."

వీరవేణి తలెత్తి, తాతారావు ఉన్న చోటు చూస్తుంది. గోడ అతనికి ఒరుసుకుంటూ ఉంది కాబట్టి గోడే ఆసన్న భుజం. నేల అతనికి ఎక్కడో ఎదురుగా, దూరంగా ఉంది కాబట్టి అది ఎదుటి భుజం. సున్నం పెచ్చుతో నేల మీద రాసుకుని, నలభైని ఒకటి పాయింట్ ఏడు మూడుతో భాగిస్తుంది.

"ఇరవై మూడడుగులు!" అని గోడకేసి గట్టిగా చెబుతుంది.

ఇరవై మూడడుగుల ఎత్తున ఒక కిటికీ తెరుచుకుంటుంది. తలంటుకుని జుట్టుకి తువ్వాలు చుట్టుకున్న ఒకావిడ తొంగిచూస్తుంది.

"ఇరవై మూడు దగ్గర మేముంటన్నామండి. మీ ఆయన ఇక్కడ లేడు, పొద్దున్నే దాటెళ్ళిపోయాడు. పోతా పోతా మా కిటికీ తలుపుక్కూడా రంగేశాడు. ఇంకా ఆర్లేదు," అని, వేళ్ళకి అంటిన రంగు చూపించి, జాగ్రత్తగా తలుపు మూసుకుంటుంది.

గోడ మళ్ళీ ఎదుగుతుంది, ఈసారి విసురుగా. తన ఎత్తు తక్కువ చేసి చెబితే ఎవరికైనా కోపమే. వీరవేణి కాలుగాలిన పిల్లిలా నిచ్చెన చుట్టూ తిరుగుతుంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి.

"సూత్రం వచ్చండీ నాకు. రెండుసార్లూ సూత్రం కరెక్టుగానే రాశాను. అయినా తప్పే వస్తంది."

"సూత్రం తప్పలేదు, నిలబడ్డ చోటు తప్పావు," అంటారు టీచరు. "థీటా ఎవరి చేతిలో ఉంది?"

"నా చేతిలోనేనండి."

"మరి ఆయన మూలలోకెళ్ళి చూస్తావేం?"

వీరవేణికి అదే అలవాటు. బియ్యం కొలిస్తే అతని ఆకలిని బట్టే కొలుస్తుంది. ఫ్యాను స్పీడు అతని చెమటను బట్టే పెడుతుంది. చీర కొనుక్కుంటే, పక్కన నిలబడ్డ అతని కళ్ళకి ఎలా ఉంటుందో చూసుకుని కొనుక్కుంటుంది. ఇరవై రెండేళ్ళలో ఏ కొలతకైనా ఆమె నిలబడింది అతని మూలలోనే. అది తప్పని పరీక్ష పేపర్లు దిద్దేవాళ్ళు తప్ప ఎవరూ అనలేదు.

"అక్కణ్ణుంచి చూడకూడదా అండీ?"

"చూడొచ్చు. అప్పుడు ఆయన కోణం పట్టుకోవాలి, అది ముప్పై. నీ కోణం చేత్తో పట్టుకుని ఆయన వైపు నుంచి చూస్తే ఎలా కుదురుద్ది?"

వీరవేణి వెళ్ళి నిచ్చెన కాలి దగ్గర, తన మూలలో నిలబడుతుంది. కొత్తగా ఉంటుంది. నేల తన కాళ్ళ దగ్గరే మొదలవుతోంది, అది ఆసన్న భుజం. గోడ తనకు ఎదురుగా, అల్లంత దూరాన నిటారుగా నిలబడి ఉంది, అది ఎదుటి భుజం. నిచ్చెన కర్ణం. ఎవరి వైపు నుంచి చూసినా అది కర్ణమే, దానికి ఈ చివర తనుంది, ఆ చివర అతనున్నాడు. ఈపాటి దానికి రెండేళ్ళు పట్టిందా అని తన మీద తనకే నవ్వొస్తుంది.

మళ్ళీ నడిచి కొలుస్తుంది. ఈలోగా దూరం పెరిగింది. నిచ్చెన కాలు అరవయ్యో అడుగు దగ్గర, ఊపిరి తీసుకోవడానికి కాసేపు ఆగింది.

"ఏడు మూడు తర్వాత రెండు కూడా వెయ్యి. ఈ గోడకి పట్టింపులెక్కువ," అంటారు టీచరు.

అరవైని ఒకటి పాయింట్ ఏడు మూడు రెండుతో హెచ్చిస్తుంది. ఈసారి అరవదు. పక్కింటావిడతో చెప్పినట్టు చెబుతుంది.

"నూటమూడడుగుల పదకొండంగుళాలు."

గోడ ఆగుతుంది. ఇసుక సర్దుకున్న చప్పుడు వినిపిస్తుంది, తర్వాత అదీ ఉండదు.

కాసేపటికి తాతారావు గొంతు మెట్లు దిగి వస్తుంది. "ఎవరే చెప్పింది?"

"నేనే."

గొంతు పైకెళ్ళి మళ్ళీ దిగుతుంది. "నేనూ ఇక్కణ్ణుంచి చూసుకున్నానే. నా మూల ముప్పై. సైను కడితే నేల బై నిచ్చెన సగం వచ్చింది. నీకెంతొచ్చింది?"

"నా వైపు నుంచి అది కొసైను. నాకూ సగమే."

"అయితే నిచ్చెన బాగానే ఉంది. వచ్చేత్తన్నా."

మూడు గంటలకు అతను నేల మీద కాలు పెడతాడు. వేసిన గోడలో ఒక్క అతుకు లేదు. వీరవేణి అతని చెయ్యి పట్టుకుని చాలాసేపు వదలదు, అతను వదిలించుకోడు. తర్వాత చేతులు కడుక్కుని, గోడ నీడన కూర్చుని క్యారేజీ విప్పుతాడు.

అప్పుడు ఆమె చేతిలో థీటా, గీత వెంబడి పగులుతుంది. లోపల్నుంచి వేలెడంత నిచ్చెన ఒకటి బయటికొచ్చి, కిందికి దూకి, రెండడుగులు తడబడి, వీరవేణి మడమకు ఆనుకుంటుంది. నేలతో సరిగ్గా అరవై డిగ్రీలు.

వీరవేణి ఎదగడం మొదలుపెడుతుంది, ఆమెతో పాటు ఆమెకు ఆనిన ఆ బుల్లి నిచ్చెనా సాగుతుంది. ఇంతవరకూ ఆమె ఎత్తు కొలిచినవాళ్ళెవరూ లేరు.

విశాలాక్షి టీచరు లేచి, పెట్టెను చంకన పెట్టుకుంటారు. "పరీక్షకి రెండు పెన్నులు తెచ్చుకో," అని చెప్పి వెళ్ళిపోతారు. వీరవేణి కిటికీ దాటుతుంది. తువ్వాలావిడ జరిగి దారిస్తుంది. నూటమూడడుగుల పదకొండంగుళాల దగ్గర గోడ మీద మోచేతులు ఆనించి అవతలివైపు చూస్తుంది. అవతల నేల చాలా ఉంది. దాన్ని ఇంతవరకూ ఎవరి మూలలోంచీ ఆమె చూడలేదు.

కింద తాతారావు అన్నం సగంలో వదిలి లేస్తాడు. ఆమె మడమ నుంచి నిచ్చెన కాలి దాకా పాదానికి పాదం ఆనించి నడుస్తాడు. అతని పెదవులు కదులుతున్నాయి. వీరవేణి వెనక్కి తిరిగి కిందికి వంగుతుంది.

"చెప్పకయ్యా!" అంటుంది. ఆ మాట ఒక్కో మెట్టే దిగుతూ పోతుంది.

అది చేరేసరికి లెక్క తేలిపోయిందని అతని మొహంలోనే తెలుస్తోంది. అతను నోరు తెరుస్తాడు. ఆమె వైపు చూస్తాడు. నోరు మూసుకుంటాడు. ఆ అంకెను చొక్కా జేబులో వేసుకుని, బొత్తాం పెట్టుకుని, మిగిలిన అన్నం ఉన్న క్యారేజీ భుజానికి తగిలించుకుని నిచ్చెన ఎక్కడం మొదలుపెడతాడు.

ఒక మెట్టు ఎక్కితే పక్కన ఇంకో మెట్టు వచ్చి సర్దుకుంటుంది. అతను తొందరపడడు. జేబులో అంకె కూడా ఎదుగుతూనే ఉంది. అది బయటికి రాకుండా, ఒక చెయ్యి బొత్తాం మీద అదిమి పెట్టి, రెండో చేత్తో మెట్లు పట్టుకుని ఎక్కుతున్నాడు.