కిటికీ పక్క బల్ల

...ఈసారీ అందలేదు, బ్యాటరీలు కొత్తవే, వెలుగుతో లెక్కలు పంపుకునే ఈ రెండు కాలిక్యులేటర్లూ ఎదురెదురుగా ఆరడుగుల దూరంలో ఉన్నాయి, పంపేదాని కొనలో పరారుణ బల్బు వెలుగుతూనే ఉంది, కంటికి కనబడదు గానీ ఫోను కెమెరాలో చూస్తే మినుకుమినుకుమంటోంది, అందుకునేది మాత్రం ఉలకదు పలకదు, పోయినేడు ఇదే గదిలో, ఇదే దూరం నుంచి, ప్రిన్సిపాలు చూస్తుండగా టకటకా అందుకుంది, విచారణ అయిపోయింది కదా, ఇక ల్యాబులో వాడుకోండి మాస్టారూ అని గుమాస్తా ఇవాళ సీలు కవరు విప్పి బల్ల మీద పడేసి పోయాడు, అయిపోయిందట, నా మేనకోడలికి మూడేళ్ళు పరీక్ష రాసే యోగ్యత లేకుండా అయిపోయింది, ఇవాళేం తేడా అని తలెత్తితే ఎండ కళ్ళలో పొడిచింది, కిటికీకి తెరలు లేవు, ఉతకడానికి పోయాయి.

తెరలు, నా తలకాయ, అందుకునేదానికి కన్నులాంటి డయోడు మీద ఏ వెలుగు పడ్డా కరెంటు పుడుతుంది, సూర్యుడిదైనా సరే, నిలకడగా ఉండే వెలుగును పక్కకు నెట్టి, మినుకుమనేదాన్ని మాత్రమే పెద్దది చేసుకునే సర్క్యూటు దాని వెనకే ఉంటుంది, కానీ ఎండ మరీ ఎక్కువైతే డయోడు అంచుదాకా నిండిపోతుంది, ఇక మినుకుకి చోటెక్కడ, మోటారు పక్కన నిలబడి గుసగుసలాడినట్టే, పాతికేళ్ళుగా పిల్లలకి నేనే చెబుతున్న పాఠం, అందుకే పరికరాన్ని పరీక్షించే ముందు తెరలు వేయడం నాకు అలవాటు, చేతులే వేసేస్తాయి, అంతే, అలవాటు.

ఒకటి మా పిల్లది, ఒకటి దాని స్నేహితురాలిది, రెండింటి మెమరీలోనూ ఒకే లెక్కలు దొరికాయి, పరీక్ష హాల్లోనే పంపుకున్నారన్నారు, అవి ముందురోజు చదువుకునే గదిలో పక్కపక్కన పెట్టి పంపుకున్న పాత లెక్కలు మావయ్యా అంది పిల్ల, రెండు బెంచీల అవతలికి అందుతుందా లేదా తేల్చమన్నారు, మా అక్క కూతురండీ, నన్ను వదిలేయండి అన్నాను, మీ మాట మీద మాకు గురి మాస్టారూ అన్నాడు ప్రిన్సిపాలు, ఆ ఒక్క మాటకి ఉబ్బిపోయాను, అందుతుందని సంతకం పెట్టాను, బయటికొచ్చాక అందరూ నా చెయ్యి పట్టుకుని ఊపారు, సొంతవాళ్ళని కూడా వదల్లేదు, మనిషంటే ఈయన అన్నారు, ఆ సాయంత్రం అక్క తలుపు సగమే తీసింది, నీ నిజాయితీ నువ్వే ఉంచుకోరా, మా గడప తొక్కకు అంది, దానికి కోపం, నాలుగు రోజుల్లో పోతుందిలే అనుకుని ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయాను, సిగ్గులేని నిద్ర.

ఆ పిల్ల ఇప్పుడు ఏదో కొట్లో బిల్లులు కొడుతోంది, ఎదురుపడితే తల తిప్పుకుంటుంది, పాపం ఆ రోజు ఏడవను కూడా లేదు, ఈ బల్ల అవతల నిలబడి ఇంకా ఏదో అంది, ఏమంది, గొంతు చిన్నది, అందరూ మాట్లాడుతున్నారు, అయినా నాకు వినబడింది, పరీక్షలో నా సీటు కిటికీ పక్కన మావయ్యా, ఎండంతా నా బల్ల మీదే పడింది అంది, అప్పటికింకా తెరలు తీసే ఉన్నాయి, వెలుగు సరిగ్గా ఇక్కడే, నా మోచేతి దగ్గరే ఉంది, ప్రిన్సిపాలు నా మొహంలోకి చూశాడు, మేనకోడలికి సాకు వెతుకుతున్నానని అనుకుంటాడేమోనని భయం వేసింది, అలవాటు కాదు, చేతులు కాదు, పిల్ల ఎండ అన్న తర్వాతే నేను లేచాను, లేచి వెళ్ళి తెరలు వేశాను.