సుద్ద గుర్తు

ఎల్ కాదు, ఒకటి అంకె, అంతే తేడా, బ్యాంకు ఓంప్రకాశ్ సారు పెన్ను కొసతో నా ఫోన్ మీద చూపించాక కూడా నా కళ్ళకు అది ఎల్ లాగే కనపడుతోంది, బొగ్గు కంపెనీ పేరు, కంపెనీ బొమ్మ, పైన నీలం పట్టీ, అన్నీ అచ్చం అవే, లింకు అడ్రసు మధ్యలో ఎల్ ఉండాల్సిన చోట ఒకటి నిలబడి ఉంది, గిది కంపెనీది కాదు మేడం, దొంగది, ఆస్పత్రి కార్డు మార్చుకోమని ఎవడో తయారు చేసిండు, అడ్రసు ఒక్కో అక్షరం చదువుకోవాలె గదా, అంటున్నాడు ఆయన, మెల్లగానే అంటున్నాడు, పక్క కుర్చీలో రాజక్క పెద్దమ్మ చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, ఏడవడం లేదు, ఏడిస్తే బాగుండు, ఆమె ఖాతాలో ఏమీ మిగల్లేదని సారు చెప్పి పావుగంటయింది, కంటి ఆపరేషన్‌కని దాచుకున్నది, ఆ మసక కన్నుతోనే ఫోన్ దగ్గరగా పెట్టుకుని ఒక్కో అంకె కొట్టి ఉంటుంది, నా మాట నమ్మి.

మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఆ లింకు కింద నేనేం రాశాను, నేను చూసిన, అసలైందే, అందరు చేసుకోండి, అని రాశాను, ఎక్కడ చూశాను, ఎవరో పంపితే వచ్చింది, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, అందరికంటే ముందు నేనే చెప్పాలన్న ఆత్రం ఒకటి, మందమర్రిలో మా క్వార్టర్ల లైన్ మొత్తం ఏ ఫారం నింపాలన్నా నన్నే, శ్యామలనే పిలుస్తారు కదా, డిగ్రీ చదివింది, సర్దార్ బుచ్చిరాములు బిడ్డ, ఆ పేరంటే నమ్మకం, బాపు బొగ్గుబాయిలో సర్దార్, షిఫ్టు మొదట్లో అందరికంటే ముందు పోయి కర్రతో గని పైకప్పు మీద కొట్టి వినేవాడు, ఖంగుమంటే గట్టిది, డొల్లగా మోగితే ఊడిపడేది, బాగుంటే సుద్దతో తారీఖు వేసి సంతకం పెట్టేవాడు, ఆ గుర్తు చూసుకుని మిగతావాళ్ళు దాని కిందికి పోయేవాళ్ళు, మళ్ళీ ఎవరూ కొట్టి చూసేవాళ్ళు కాదు.

లచ్చయ్య పెదబాపు కూడా చూడలేదు, రాజక్క పెద్దమ్మ పెనిమిటి, బాపు సంతకం కిందే పని మొదలుపెట్టాడు, కప్పు కూలింది, నాకప్పుడు తొమ్మిదేళ్ళు, శవం ఇంటికొచ్చిన రోజు పెద్దమ్మ బాపును ఒక్కటే అడిగింది, కొట్టి సూసినవా మరిదీ, సూసిన వదినె, కొట్టే సూసిన, అన్నాడు బాపు, ఆ తర్వాత చచ్చేదాకా, ఎవరూ అడగకపోయినా అదే మాట, అన్నం ముందు కూర్చుని, జ్వరంలో, గోడవైపు తిరిగి పడుకుని, కొట్టే సూసిన బిడ్డా, నేను ఊ కొట్టేదాన్ని, పాపం ఆ చావు మరిచిపోలేకపోతున్నాడనుకునేదాన్ని.

ఇందాక పెద్దమ్మ సంచీ తాడు వేలికి చుట్టుకుంటూ, నువ్వు సూసే పంపినవ్ గదా బిడ్డా, అంది, సూసే పంపిన పెద్దమ్మా అన్నాను, ఎంత తొందరగా వచ్చిందో ఆ మాట, సిగ్గు లేదు నాకు, మిగతావాళ్ళు మోసపోకముందే గ్రూపులో రాయమన్నాడు సారు, రాస్తానన్నాను, వేలు కదలడం లేదు, రాస్తే నేను చూడలేదని అందరికీ తెలుస్తుంది, అంతలో ఫోన్ మోగింది, మా వెనక క్వార్టర్ అనసూర్య, అక్కా, నువ్వు పంపిన లింకుల ఆధార్ కొట్టిన, బ్యాంకు నంబర్ కొట్టిన, గిప్పుడు ఓటీపీ వచ్చింది, కొట్టాల్నా, నువ్వు సూసినవ్ గదా.

కొట్టకు, దొంగదని ఇప్పుడే తెలిసింది అంటే చాలు, ఆమె బతుకుతుంది, నేను చూశానన్న అబద్ధం కూడా బతుకుతుంది, పక్కన పెద్దమ్మ వింటోంది, కొట్టకు అనసూర్యా, అది దొంగది, నేను సూడలే, సూడకుండనే సూసిన అని రాసిన, గదే గ్రూపుల పెడుతున్న, అన్నాను, గట్టిగానే అన్నాను, సారు చేతిలో పెన్ను ఆగింది, పెద్దమ్మ తల ఎత్తింది, ఆమె ముఖంలో ఆశ్చర్యం లేదు, కోపమూ లేదు, ఎన్నాళ్ళనుంచో ఈ మాట కోసమే కూర్చున్నట్టు నన్ను చూస్తోంది, నన్ను కాదు, నాలో ఇంకెవరినో, ఆమెకు మొదటినుంచీ తెలుసు, నాకే తెలియలేదు, ఆ రోజు బాపు కొట్టి చూడలేదు.