జేబులో ఉన్న చెవి

నేను ఒక చెవి మిషన్‌ను. పెట్టె మీద వినికిడి యంత్రమని రాసి ఉంటుంది గానీ, గుంటూరు మిర్చి యార్డులో అంత పేరు పలికే తీరిక ఎవరికీ లేదు. చిక్కుడు గింజంత ఒళ్లు, ఒక సన్నని గొట్టం, దాని చివర మెత్తని బిరడా. అంతే నేను. ఎక్కడో చల్లని గదిలో, మూతికి గుడ్డ కట్టుకున్న ఆడపిల్లలు భూతద్దాల కింద నన్ను కూర్చారు. నా మీద దుమ్ము పడకూడదని వాళ్లు పడ్డ తాపత్రయం తలచుకుంటే, తర్వాత నాకు పట్టిన గతికి ఏడవాలో నవ్వాలో తెలియదు.

మొదట ఒక బ్యాంకు ఆఫీసరు నన్ను పెట్టుకుని చూశాడు. "బాగానే వినపడుతోంది, కానీ బయటికి కనపడుతోంది" అని వారం తిరక్కుండా వాపసు ఇచ్చాడు. ఆయన ముక్కు మీద సీసా అడుగులంత మందాన కళ్లద్దాలున్నాయి. అవి ఎవరికీ కనపడవు కాబోలు.

ఆ తర్వాత పానకాలు చేతికొచ్చాను. నలభై దాటిన మనిషి, యార్డులో కమీషన్ వ్యాపారి. రైతులు తెచ్చే మిర్చి బస్తాలు, అక్కడి మాటలో టిక్కీలు, అమ్మిపెట్టడం అతని పని. భార్య హైమావతి పోరు పడలేక నన్ను కొన్నాడు. కొని చొక్కా జేబులో వేసుకున్నాడు. కొన్న సరుకును వాడనివాణ్ని నేనైతే వ్యాపారి అనను.

"ఏవండీ, మీ జేబుకి బాగా వినపడుతోందా?" అనేది హైమావతి. ఆ ఎత్తిపొడుపూ అతనికి వినపడేది కాదు. నవ్వి ఊరుకునేవాడు.

అతని ధీమాకు కారణం ఉంది. ఆ యార్డులో ధర నోటితో చెప్పుకోరు. అమ్మేవాడూ కొనేవాడూ చేతులు కలిపి, పైన తువాలు కప్పి, వేళ్లు నొక్కి బేరం తెంపుకుంటారు. పక్కవాడికి తెలియదు, సాక్షి ఉండడు. తువాలు తీశాక మాట తప్పినవాడితో మళ్లీ ఎవరూ చెయ్యి కలపరు. పానకాలు చెయ్యంటే యార్డంతటికీ గురి. "నా బేరానికి చెవులతో ఏం పని?" అనుకున్నాడు.

తువాలు కప్పే ముందు మనుషులు మాట్లాడుకుంటారు కదా! ఆ మాటలన్నిటికీ పానకాలు దగ్గర ఒకే జవాబు: ఊఁ కొట్టడం. వినపడినా ఊఁ, వినపడకపోయినా ఊఁ. మళ్లీ చెప్పమంటే పరువు పోతుందట.

మార్చిలో ఒక ఉదయం కోటేశ్వరమ్మ లారీతో వచ్చింది. ఏటా పల్నాడు నుంచి అతనికే సరుకు తెచ్చే రైతు.

"అన్నయ్యా, దార్లో వాన కొట్టి అడుగు వరస టిక్కీలు తడిసినయ్యి. అయ్యి విడిగా చూపిచ్చు."

లారీ రొద, హమాలీల కేకలు. ఆ మాట నాకు వినపడింది. చెవి మీద ఉండాల్సినదాన్ని గుండె మీద ఉండి ఎవరికి లాభం?

"ఊఁ, ఊఁ. నే చూసుకుంటాగా" అన్నాడు పానకాలు.

కొనడానికి మస్తాన్ వచ్చాడు. పాత స్నేహితుడు. పై వరసలో గుప్పెడు కాయలు తీసి చూస్తూ, తల ఎత్తకుండానే, "కింద కూడా ఇదే సరుకేనా అన్నా?" అన్నాడు. దానికీ ఊఁ. తువాలు కప్పారు, వేళ్లు కలిశాయి, బేరం తెగింది.

మధ్యాహ్నం హమాలీలు అడుగు వరస ఎత్తేసరికి గోనెలు చెమ్మగా తగిలాయి. మస్తాన్ ఒక మెత్తబడ్డ కాయ పట్టుకుని వచ్చాడు.

"ఏందన్నా ఇది? నీ మాట మీద అడుగు మూట కొయ్యకుండా తీసుకున్నా. నాకే తడికాయ అంటగడతావా?"

అరిచాడు కాబట్టి ఇది మాత్రం పానకాలుకు వినపడింది. జనం పోగయ్యారు. కోటేశ్వరమ్మ పరుగున వచ్చింది.

"పొద్దున్నే చెప్పాగా అన్నయ్యా! ఊఁ అన్నావుగా!"

పానకాలు ముందు రెండే దారులు. చెవిటివాణ్నని ఒప్పుకోవాలి, లేదా మోసగాడిగా మిగలాలి. ఇందులో బేరీజు వేయడానికి ఏముంది? ఒక పక్క బతుకుతెరువు, ఇంకో పక్క కాస్త సిగ్గు. అయినా నిలబడి ఆలోచిస్తున్నాడు! నాకు ఒళ్లు మండిపోయింది. మనుషుల తూకమే వేరు. దొంగ అంటే సహిస్తారు, చెవిటి అంటే సహించరు.

మస్తాన్ తువాలు దులిపి భుజాన వేసుకుని వెనక్కి తిరిగాడు.

"ఆగు మస్తానూ" అన్నాడు పానకాలు. "ఆమె చెప్పిందంట. నాకు ఇనపళ్లా. నువ్వడిగిందీ ఇనపళ్లా. సిగ్గేసి ఊఁ కొట్టా."

జేబులోంచి నన్ను తీశాడు. కారం దుమ్ముతో ఎర్రగా ఉన్నాను. ఉఫ్ అని ఊది, అందరూ చూస్తుండగా చెవికి తగిలించుకున్నాడు. యార్డులో నేను అతనికి మొదట వినిపించింది ఒక తుమ్ము. ఊదిన దుమ్మంతా, ఆగి దగ్గరకొచ్చిన మస్తాన్ ముక్కులోకే పోయింది. జనం నవ్వారు. ఆ నవ్వూ వినిపించాను. ఏం చేయను, నా వృత్తి అది.

మస్తాన్ నా మీదకు వంగి, "ఇప్పుడు ఇనపడతందా?" అని గొంతు చించుకున్నాడు.

"అరవమాకయ్యా! నా మొహం చూసి మామూలుగా చెప్పు."

"ఈ ముక్క ముందే అంటే పోయేదిగా!" అన్నాడు మస్తాన్, మామూలు గొంతుతోనే. తడి టిక్కీలు పక్కకు తీయించాడు. భుజం మీది తువాలు దించి మళ్లీ చెయ్యి చాపాడు.

అక్కడితో నా కష్టాలు గట్టెక్కాయనుకోకండి. నన్ను చూసినవాడల్లా నాలోకి అరుస్తాడు. మాట మధ్యలో బ్యాటరీ అయిపోతుంది. ఇక గొణుక్కునే వీలు లేకుండా పోయిందని హైమావతి నన్నే తిడుతుంది. పైగా నేనేమీ పాత చెవిని తెచ్చి ఇవ్వలేదు. రొదలో మాటలు ఇప్పటికీ జారిపోతాయి. అప్పుడు పానకాలు, "ఇనపళ్లా, ఇటు తిరిగి చెప్పమ్మా" అంటాడు. ఆ ముక్క నాలో పెట్టి పంపిన సామాను కాదు. అతను సొంతంగా సంపాదించుకున్నది.

తువాలు కింద వేళ్లు ఏం మాట్లాడుకుంటాయో మాత్రం నాకు ఇప్పటికీ అందదు. చెవి మిషన్‌ను అయి ఉండి, యార్డులో అన్నిటికన్నా ముఖ్యమైన మాట వినలేను. వినపడలేదని ఒప్పుకుని కూర్చుంటాను. ఊఁ మాత్రం కొట్టను.