కుడి చుట్టు

కాగితం మీద నూట పన్నెండు జతల అంకెలున్నాయి, అంతే. అయిదు–యాభై అయిదు, పద్నాలుగు–ముప్పై ఎనిమిది, పద్దెనిమిది–ముప్పై అయిదు, ఇలా. పైన పేరు లేదు, కింద సంతకం లేదు. యూనివర్సిటీలో మా ప్రొఫెసర్ గారు దాన్ని నా చేతిలో పెట్టి, ఇదొక చిన్న ప్రోటీను, యాభై ఎనిమిది రెసిడ్యూల గొలుసు, ఈ జతలు ఒకదానికొకటి ఏడు ఆంగ్‌స్ట్రాముల లోపల ఉన్నాయి, దీని ఆకారం చేసి సోమవారం తీసుకురా, అన్నారు. తెస్తే ఆయన దగ్గర పరిశోధనకి చోటు. తేలేకపోతే ఆ చోటు ఇంకొకరికి, నాకు జూన్ నుంచి సదాశివపేట బడిలో ఎనిమిదో క్లాసు సైన్సు. అది 1973, ఏప్రిల్, బుధవారం.

రెసిడ్యూ అంటే పెద్ద సంగతేం కాదు. ప్రోటీను ఒక గొలుసు, అమైనో ఆమ్లాలు అందులో ముక్కలు, ఒక్కొక్క ముక్కా ఒక రెసిడ్యూ. గొలుసు తిన్నగా ఉండదు, ముడుచుకుపోతుంది. ముడుచుకున్నాక ఎక్కడో మొదట్లో ఉన్న అయిదో ముక్క వచ్చి చివర్లో ఉన్న యాభై అయిదో ముక్కని తాకుతుంది. ఎందుకు తాకుతుంది, దానికెలా తెలుసు అక్కడికి రావాలని? నాకు కాలేజీలో చేరినప్పటి నుంచీ ఇదే పిచ్చి. సెంటీమీటరుని పది కోట్ల ముక్కలు చేస్తే ఒక్క ముక్క ఆంగ్‌స్ట్రాము, అంత చిన్న చోట ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో మనకి తెలుస్తోందంటే నాకు అన్నం సయించదు.

ఒక ఆంగ్‌స్ట్రాముకి ఒక సెంటీమీటరు అనుకున్నాను. ముక్కకీ ముక్కకీ మూడు పాయింటు ఎనిమిది, కాబట్టి రెండు మీటర్ల పైచిలుకు తీగ కావాలి, దాన్ని నేను చెప్పినట్టు వంచే చేతులు కావాలి. మా నాన్నగారిని అడిగితే, ఆయన మా కాలనీ పక్కనున్న కరెంటు యంత్రాల ప్లాంటులో ఫోర్‌మన్, కాకినాడ నుంచి వచ్చి తొమ్మిదేళ్లు, ప్లాంటు తీగ ఇంటికి రాదు, పటాన్‌చెరు వెళ్లి యాదన్ననడుగు అన్నారు. యాదన్న అంటే బజార్లో వైండింగ్ షాపు ఆయన. కాలిపోయిన పంపుసెట్ల మోటార్లకి మళ్లీ తీగ చుడతాడు. యాభై దగ్గర పడుతున్న మనిషి, కళ్లద్దాలకి ఒక పక్క దారం.

ఆయన కాగితం చాలాసేపు చూశాడు. అయిదుకీ యాభై అయిదుకీ మధ్య యాభై ముక్కలుంటే అవి పక్కపక్కకి ఎట్ల వస్తాయని అడిగాడు. బస్సు కోసం లైన్లో నిలబడ్డప్పుడు అయిదో మనిషీ యాభై అయిదో మనిషీ దూరమే కానీ బస్సెక్కాక ఒకరి కాలు ఒకరు తొక్కుకోవచ్చు కదా అన్నాను.

"అంటే వరసకు దూరమైనా ఒరుసుకుంటయన్నట్టు," అన్నాడు.

మూడేళ్లుగా ఇంగ్లీషులో చదువుతున్న విషయం నాలుగు మాటల్లో అయిపోయింది. నేను వెంటనే కాగితం వెనక రాసుకున్నాను.

మూడు రోజులు వరసగా షాపులోనే కూర్చున్నాను. మొగులమ్మ అని, యాదన్న భార్య, పొద్దున ఒకసారీ సాయంత్రం ఒకసారీ చాయ్ పంపించేది, ఇంత చదువుకుని తీగలు వంచుకుంటుందేమిటని తొంగిచూసి నవ్వేది. అంకెల్లో బొమ్మలు ఒక్కొక్కటే బయటపడుతున్నాయి. పద్దెనిమిది–ముప్పై అయిదు, ఇరవై–ముప్పై మూడు, ఇరవై రెండు–ముప్పై ఒకటి: ఒకటి పెరుగుతుంటే ఒకటి తగ్గుతోంది, అంటే గొలుసు కొంతదూరం వెళ్లి మలుపు తిరిగి తన పక్కనుంచే వెనక్కి వస్తోంది. యాదన్న నాకంటే ముందే కనిపెట్టి తీగని జడపిన్నులా వంచేశాడు. చివర్లో ఇంకో రకం. నలభై ఏడుకి యాభై ఒకటి, నలభై ఎనిమిదికి యాభై రెండు, నలభై తొమ్మిదికి యాభై మూడు. ఎప్పుడూ నాలుగు తేడా. ఇది స్ప్రింగు, హెలిక్స్. ప్రోటీన్లలో హెలిక్స్ కుడి చుట్టు ఉంటుందని నేను చదివాను, అది మాత్రం గట్టిగా చెప్పాను.

యాదన్న వెదురుపుల్ల ఒకటి చెక్క మీద నిలబెట్టి తీగ పట్టుకుని ఆగాడు.

"కుడి అంటే ఏ దిక్కు బిడ్డా? నాకు చుట్టు ఇటైనా గదే, అటైనా గదే."

"గుడి చుట్టూ ప్రదక్షిణం చేస్తాం కదా, అలా," అన్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆయన తలూపి, పుల్లని గర్భగుడి చేసి, కింది నుంచి పైకి ప్రదక్షిణంగా చుట్టుకుంటూ పోయాడు. మిగతా గొలుసంతా ఆ స్ప్రింగుని పట్టుకునే అమర్చాం. శనివారం మధ్యాహ్నానికి అయిపోయింది, కొబ్బరికాయంత ఉంది, నంబర్ల చీటీలతో. ఇంటికి తీసుకొస్తుంటే బజారంతా ఇదేం పిట్టగూడని అడిగారు.

ఆదివారం చర్చి అయ్యాక సుకుమారి వచ్చింది. తను నాతో బీఎస్సీ చదివింది, వాళ్లది సంగారెడ్డి, ఇప్పుడు అక్కడే టీచరు. దారం, స్కేలు పెట్టి కొలతలు సరిచూడ్డానికి పిలిచాను. తను కొలుస్తుంటే నేను టిక్కులు పెట్టాను. నూట పన్నెండులో నూట పది ఏడు సెంటీమీటర్ల లోపల. మిగిలిన రెండూ తీగని కాస్త నొక్కితే లోపలికొచ్చేశాయి. నాకు గాల్లో తేలినట్టుంది. అప్పుడు తను స్ప్రింగుని వేలితో చూపించి ఇది ఎటు తిప్పాలో ఎలా తెలిసిందని అడిగింది. చెప్పాను.

"మా చర్చిల ప్రదక్షిణం లేదు గదనే, నాకు తెల్వక అడుగుతున్న," అంది. "నువ్వు గుడి చుట్టు తిరుగుతుంటే గోపురం మీద కూసున్న కాకికి గడియారం ముల్లు తీరు కనిపిస్తవ్. అదే భూమిల నుంచి చూసే చీమకైతే ఉల్టా కనిపిస్తవ్. మరి కుడి అన్నది కాకి లెక్కనా, చీమ లెక్కనా?"

నవ్వాను. నవ్వుతూనే వేలు స్ప్రింగు మీద పెట్టి పైకి నడిపించాను, ఇంకోసారి నడిపించాను, ఆ తర్వాత నవ్వలేదు. మోడల్ని పాత చీరలో చుట్టి ఇద్దరం పటాన్‌చెరు బస్సెక్కాం. ఎండాకాలం, మోటార్లు రోజూ కాలుతున్నాయి కాబట్టి ఆదివారమైనా షాపు తెరిచే ఉంది. సంగతి చెప్పగానే యాదన్న ఒక బోల్టు తీసి తల కిందికి పెట్టి బల్ల మీద నిలబెట్టాడు. నట్టుని కుడికి తిప్పితే బిగుసుకునే మామూలు బోల్టు, అది కుడి మర, అందులో ఎవరికీ అనుమానం లేదు. దాని మర మీద గోరు పెట్టి పైకి నడిపాడు. గోరు అప్రదక్షిణంగా తిరుగుతూ ఎక్కింది. మా స్ప్రింగు ప్రదక్షిణంగా ఎక్కుతోంది.

నేను చేయించింది ఎడమ చుట్టు.

"నువ్వు జెప్పింది తప్పు గాదు, నేను జేసింది తప్పు గాదు," అన్నాడు యాదన్న. "గుడి చుట్టు తిరిగెటోడు నేల మీదనే తిరుగుతడు. పైకెక్కుకుంట తిరగడు గద. మనం ఎక్కించినం."

కానీ నన్ను పట్టేసింది అది కాదు. కొలతలన్నీ ఎలా కుదిరాయి? తప్పు వస్తువు నూట పన్నెండు పరీక్షలూ ఎలా పాసైంది? అదే అడిగాను. యాదన్న తన రెండు చేతులూ చాచి బల్ల మీద పెట్టాడు. ఈ చేతిల బొటనేలుకు చిటికెనేలుకు ఎంత దూరమో ఆ చేతిలనూ అంతే, కొలిస్తే తేడా దొరకదు, అయినా ఎడమ చెప్పుల కుడి కాలు పట్టదు అన్నాడు. జాబితాలో దూరాలే ఉన్నాయి. దూరాలకి కుడి ఎడమ తెలియదు.

మొత్తం విప్పి మళ్లీ చెయ్యాలంటే రెండు రోజులు పడుతుందన్నాడు. యూనివర్సిటీకి నా బస్సు తెల్లారే. స్ప్రింగొక్కటే విప్పి అటువైపు చుట్టి పెట్టెయ్యమంది సుకుమారి, లేదా అసలు నోరెత్తకు, ఆ ప్రొఫెసర్ చూడకపోవచ్చు కూడా అంది. స్ప్రింగొక్కటీ అటు చుట్టేస్తే మిగతాది దానికి అతకదు, అది ఎడమదీ కాదు కుడిదీ కాదు. నోరెత్తకపోవడం గురించి మాత్రం, నిజం చెప్పాలంటే, బస్సులో లింగంపల్లి దాటేదాకా ఆలోచించాను.

ప్రొఫెసర్ గారు మోడల్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఒక్కసారి తిప్పారు.

"ఎడమది," అన్నారు.

"అవునండి. నిన్న తెలిసింది. కుడి అని చెప్పడానికి ప్రదక్షిణం అన్నాను. కానీ మీ కాగితం ప్రకారం ఇది తప్పు కాదండి. అద్దంలో బొమ్మకి కూడా ఇవే నూట పన్నెండు జతలు వస్తాయి." "నేను కుడి అని పుస్తకంలో చదివాను కాబట్టి తప్పయింది. చదవకపోతే ఏది సరైనదో ఈ కాగితం చెప్పలేదండి."

ఆయన మోడల్ని బల్ల మీద పెట్టి నా చేతికి సుద్దముక్క ఇచ్చారు. కాగితంలో ఇంకేం రాసుంటే చెప్పేది అని అడిగారు. నాకు తెలియదు. తెలియదనే చెప్పాను. బోర్డు మీద రెండు చుక్కలు పెట్టాను, రెండు చుక్కలకి కుడి ఎడమ లేదు. మూడో చుక్క పెట్టాను. త్రిభుజం, బోర్డు వెనక నుంచి చూస్తే తిరగబడుతుంది, కాకి చీమా వ్యవహారమే, లేదు. నాలుగోది ఎక్కడ పెట్టాలి? బోర్డు మీద కాదు. సుద్దముక్కని బోర్డుకి ముందు గాల్లో పట్టుకుని నిలబడ్డాను. మూడు చుక్కలూ ఇక్కడుంటే నాలుగోది ఇవతలుందా, అవతలుందా, అదే కుడి ఎడమ.

"రెండేసి చాలవండి, నాలుగేసి కావాలి," అన్నాను.

"యాభై ఎనిమిదిలో ఎన్ని నాలుగులు?"

బోర్డు మీదే గుణించాను. నాలుగు లక్షల ఇరవై నాలుగు వేల రెండు వందల డెబ్భై. అన్నీ అక్కర్లేదేమో, గొలుసులో వరసగా వచ్చే నాలుగులు తీసుకుంటే యాభై అయిదే అన్నాను. ఆ యాభై అయిదూ చాలునని నువ్వెలా చెప్పగలవు అన్నారాయన. చూడాలండి అన్నాను. అయితే చూడు, అని కుర్చీ ఒకటి బల్ల దగ్గరికి జరిపారు, నేను కూర్చుని ఒకటి, రెండు, మూడు, నాలుగు అని మొదటి వరస రాశాను.