ముని ఆవలింత

పరిశోధన కేంద్రంలో కోతుల గుణాలకు మార్కులు వేయడం నా ఉద్యోగం. కోపం, పిరికితనం, చొరవ, శాంతం... వాటి గది అద్దానికి ఇవతల కూర్చుని గమనిస్తూ ఒక్కో గుణానికి ఏడు దాకా వేస్తాను. నా గుణానికి ఎవరు వేస్తారని ఇంట్లోవాళ్ళు ఎగతాళి చేస్తారు.

ముని అని మేము పిలుచుకునే ముసలి మగకోతి కదలదు, అరవదు. నన్ను చూస్తూ ఊరికే ఆవలిస్తుంటుంది. ఆవలింతకు అన్న ఉన్నాడు గానీ తుమ్ముకు తమ్ముడు లేడన్నట్టు, దాన్ని చూస్తే నాకూ ఆవలింతలే. శాంతానికి ఏడు వేసేశాను. ఏడు వచ్చిన కోతి దగ్గరికి వల లేకుండా వెళ్ళవచ్చని మా దగ్గర నియమం.

ఆ రోజు రక్తం తీయడానికి లోపలికి వెళ్ళింది మా అక్క. నా తోబుట్టువే, ఇక్కడ పశువుల డాక్టరు.

"నువ్వు ఏడు వేశాక ఇంక నాకేం భయమే!" అంటూ సూది పట్టుకుని తలుపు వేసుకుంది.

అక్క అడుగు వేసింది. ముని ఆవలించింది. అక్క ఆగింది. అదీ నోరు మూసింది. అక్క మళ్ళీ కదలగానే మళ్ళీ ఆవలింత, ఈసారి కోరలు మొదలంటా కనిపించేలా. భుజాల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

అప్పుడు అర్థమైంది. అది నిద్ర కాదు, బెదిరింపు. ఇన్నాళ్ళూ అది నాకు కోరలు చూపిస్తుంటే నేను శాంతమని మార్కులు వేస్తూ వచ్చాను.

లోపల అక్క దాని కళ్ళలోకి చూస్తూ, చంటిపిల్లను బుజ్జగిస్తున్నట్టు నవ్వుతోంది. కళ్ళలోకి చూసి పళ్ళు కనబరిస్తే కోతికి అది కయ్యానికి కాలు దువ్వడమే. నేను అరిస్తే అది ఉలిక్కిపడి ముందు పడేది అక్క మీదే. అక్క పోతుందేమోనన్న భయం తప్ప బుర్రలో ఇంకేమీ లేదు. ముఖం అద్దానికి ఆనించి, దాని కళ్ళలోకి గుచ్చిగుచ్చి చూస్తూ, పళ్ళన్నీ కనిపించేలా నోరు తెరిచి నేనే ఆవలించాను.

ముని తల తిప్పింది. మరుక్షణం దాని కోరలు నా ముక్కుకెదురుగా అద్దానికి ఠపీమని తగిలాయి. దాని చొంగ అద్దం మీద జారుతుండగా అవతల తలుపు గడియ పడిన చప్పుడు వినిపించింది.

పరుగెత్తాను. అక్క నడవాలో గోడకు ఆనుకుని కూలబడి ఉంది. ఒంటి మీద గీత కూడా లేదు.

"ఇప్పుడెన్ని వేస్తావే?" అని నవ్వబోయింది. నవ్వు రాలేదు. నోరు దానంతటదే తెరుచుకుని పెద్ద ఆవలింత వచ్చింది.

అది నిద్ర కాదని, భయమని ఈసారి నాకు తెలిసింది. పక్కనే కూలబడి, అక్క చెయ్యి పట్టుకుని నేనూ ఆవలించాను.