తెలిస్తే ఓటేస్తారా?

టీ వడకట్టే జాలీ కనిపించలేదని ఆ సాయంత్రం వంటింట్లో పెద్ద రభస.

"ఒరేయ్, నువ్వే ఎక్కడో పారేసి ఉంటావు," అని అత్తగారు కొడుకు మీద విరుచుకుపడ్డారు.

"నేను వంటింట్లో అడుగు పెడితేగా పారేయడానికి!"

"అదీ నిజమేలే. అంత ఘనకార్యం నీ వల్ల ఎక్కడవుతుంది!"

ఇలాంటి తగాదా అంటే మామగారికి ప్రాణం లేచొస్తుంది. మధ్యలో దూరి ఇద్దర్నీ ఓడించందే వదిలేవారు కాదు. ఆవేళ మాత్రం, "నేనే ఎక్కడో పెట్టి మరిచిపోయుంటాన్లే," అన్నారు మెల్లగా.

జాలీ సింకులో గిన్నెల అడుగున దొరికింది. అక్కడ పడేసింది అత్తగారే. అందరూ నవ్వారు, మామగారు తప్ప. కోడలికి మనసు చివుక్కుమంది.

"ఏమైంది మామయ్యా?"

"ఏం లేదమ్మా. ఆమధ్య ఎవరో అమ్మాయి సర్వే అంటూ ఫోన్ చేసింది. ప్రధానికి మతిమరుపు జబ్బు మొదలైందని తెలిస్తే మళ్లీ ఓటేస్తారా అంది. వెయ్యనన్నాను. ఫోన్ పెట్టేసినప్పటి నుంచీ ఒకటే ఆలోచన. నేనూ ఈ మధ్య పేర్లు మరిచిపోతున్నాగా."

"ఆయనకు జబ్బేనట, వీధంతా అనుకుంటున్నారు. నిప్పు లేనిదే పొగ వస్తుందా?" అన్నారు అత్తగారు.

కోడలికి తల కొట్టేసినట్టయింది. ఆ నిప్పూ పొగా రెండూ తనవే.

ప్రతిపక్షం సర్వే విభాగంలో ప్రశ్నలు రాయడం ఆమె పని. ఇంట్లోవాళ్లకు ఏదో పార్టీ ఆఫీసులో అంకెలు చూస్తుందని మాత్రమే తెలుసు. ధరల గురించి అడిగితే జనం తమ పార్టీ వైపే మొగ్గుతున్నారు. ప్రధాని మాటెత్తితే మాత్రం, "పెద్దాయన మంచివాడండీ," అంటూ ఉడుంపట్టు పడుతున్నారు. "పాము చావాలి, కర్ర విరగకూడదు," అన్నాడు బాస్. ప్రధానికి జబ్బుందనడానికి ఎవరి దగ్గరా ఆధారం లేదు. అందుకే ఆమె "ఉంది" అనకుండా "తెలిస్తే" అని రాసింది. "అబద్ధమాడలేదు, అడిగామంతే!" అని బాస్ బల్ల చరిచి మెచ్చుకున్నాడు. తర్వాతి సర్వేలో ప్రధాని మీద నమ్మకం జారింది. ఆ అంకె చూసి ఆమె ఆఫీసులో మిఠాయి కూడా పంచింది.

భోజనాల దగ్గర మామగారు గొంతు సవరించుకున్నారు. "అపార్ట్‌మెంట్ సంఘం అధ్యక్షుడిగా ఈసారి నిలబడను. మతి జారేవాడికి పదవులెందుకు?"

"చాల్లెండి! ఆ సంఘంలో అందరి బుర్రలూ కలిపినా మీదే నయం."

"ప్రధాని గురించీ అలాగే అనుకున్నాం కదే."

కోడలు ముద్ద కలపడం ఆపేసింది. నోరు మూసుకుంటే గడిచిపోతుంది. ఆయన మాత్రం మరిచిపోయిన ప్రతి పేరుకూ తనను తాను అనుమానించుకుంటూ, మెల్లగా మూల కుర్చీకి అతుక్కుపోతారు.

"మామయ్యా, ఆ ప్రశ్న రాసింది నేనే. ఆ జబ్బు మాట మేం పుట్టించిందే."

మామగారు ఆమె వంక తిరిగారు.

"బాగా రాశావమ్మా. నేను నమ్మేశాను."

తిట్టినా బాగుండేది. ఆమె తల దించుకుంది.

"రేపు పత్రికవాళ్లకు చెప్పేస్తాను. నా పేరు పెట్టే చెబుతాను."

"మరి ఉద్యోగం?" అన్నాడు భర్త.

"పోతుందండీ," అంది. "అయినా చెబుతాను."